దూరాన ఉన్న యజమానులకు పాత భవనాల సంరక్షణ సేవ: మూడేళ్ల అనుభవం

వారసులమందరం తలో ఊళ్లో స్థిరపడడంతో తాళం పడిన మా పూర్వీకుల భవనాన్ని, ఏడాదికి రెండుసార్లు తనిఖీ చేసి నివేదిక పంపే ఒక సంరక్షణ సంస్థకు అప్పగించి మూడేళ్లయింది. పెద్ద మరమ్మతు అవసరం పడకముందే చిన్న లోపాన్ని పట్టుకోవాలన్న ఈ పద్ధతిని నెదర్లాండ్స్‌లో మోన్యుమెంటెన్‌వాఖ్ట్ అనే పాత కట్టడాల తనిఖీ సంస్థ 1973 నుంచి అనుసరిస్తోంది.

మొదటి తనిఖీలోనే వీరి పనితనం తెలిసింది. పిట్టగోడ పగులులో వేలెడంత రావి మొక్క మొలిచి ఉండగా, పైపైన పీకేస్తే లోపల మిగిలిన వేరు మళ్లీ చిగురించి గోడను చీలుస్తుందని చెప్పి, చుట్టూ గచ్చు తొలిచి వేరుతో సహా తీసి, ఆ సందును సున్నంతోనే పూడ్చారు. అంతకుముందు మేము పిలిపించిన మేస్త్రీ ఒక గోడకు సిమెంటు పూత వేయడంతో, ఇటుకల్లోని తేమ బయటికి పోయే దారిలేక, పూత వెనుక ఉప్పు పేరుకుని, చేత్తో తడిమితే ఇటుక పొడిపొడిగా రాలేది. ఆ పూతను ఓపికగా ఒలిచి, గోడ ఆరేదాకా ఆగి, సున్నం పూసినందుకు వారికి ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

లోపం లేకపోలేదు. వాననీటి తూములు పూడుకున్నాయన్న నివేదిక ఆరు వారాలు ఆలస్యంగా అందింది. ఈలోగా ఒక దూలం, గోడలోకి దిగిన చివర, చెమ్మకు మెత్తబడింది. మరమ్మతుకు వారసులందరి సంతకాలు కావాలన్న నిబంధన న్యాయమైనదే అయినా, అత్యవసర పనుల కోసం ఒకరికి ముందుగానే అధికారపత్రం రాసి ఉంచమని వారు మొదట్లోనే సూచించి ఉండాల్సింది. ఈ ఏడాది ఆ పని పూర్తిచేసి, ఒప్పందాన్ని పొడిగించాం.