రాళ్ల మడుగుల్లో ఒలింపస్ టఫ్ టీజీ-6

విశాఖలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. సముద్రం వెనక్కి తగ్గిన వేళ జోడుగుళ్లపాలెం, రుషికొండ దగ్గర రాళ్ల మధ్య నిలిచే మడుగుల్ని చూపించడానికి వాళ్లను తీసుకెళ్తుంటాను. ఒలింపస్ టఫ్ టీజీ-6 కెమెరా కొన్నది ఆ పనికే. ఇది 2019 మోడల్.

దీని గొప్పతనమంతా మైక్రోస్కోప్ మోడ్‌లోనే ఉంది. లెన్స్‌కు ఒక్క సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. 15 మీటర్ల లోతు దాకా వేరే కవరు అక్కర్లేదు కాబట్టి కెమెరానే మడుగులో ముంచుతాం, జీవిని పైకి తీయం. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. సీ అనిమోన్‌ను (రాయికి అంటుకుని పువ్వులా కనిపించే జంతువు) రాయి నుంచి పీకితే దాని అడుగు చిరుగుతుంది. సీ స్లగ్‌ను (పెంకు లేని సముద్రపు నత్త) బయటికి తీస్తే ముద్దలా ముడుచుకుపోతుంది. దాన్ని గుర్తుపట్టడానికి కావలసిన మొప్పలు, కొమ్ములు నీళ్లలో ఉంటేనే విచ్చుకుంటాయి.

ఎల్‌జీ-1 అనే రింగ్ కూడా తప్పకుండా కొనండి. కెమెరా ఎల్ఈడీ వెలుగును లెన్స్ చుట్టూ పరుస్తుంది. అది లేకుండా అంత దగ్గరికి వెళ్తే కెమెరా నీడ జీవి మీదే పడుతుంది.

జీపీఎస్ ఉంది, కానీ నీళ్లలో సిగ్నల్ అందదు. ముంచకముందే లొకేషన్ దొరికిందో లేదో చూసుకోవాలి. జీవుల ఫోటోలు పెట్టి గుర్తుపట్టించుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టే ఫోటోకు తేదీ, చోటు లేకపోతే ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి పెద్దగా పనికిరాదు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, స్కేలు పెట్టి ఒకటి, చుట్టూ ఉన్న రాయి కనబడేలా ఒకటి తీయాలని పిల్లలకు రూలు పెట్టాను.

ఆ ఫోటోల్లో కొన్నిటిని పెద్ద ప్రింట్లు వేయించి, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్లకు చూపించాం. ఒక పెద్దావిడ సీ స్లగ్ బొమ్మ పట్టుకుని "ఇదేటి తల్లీ?" అంది. మీ రాళ్ల మీదే ఉంటుందమ్మా అంటే, "రోజూ తొక్కుకుంటూ పోతాం గదా! ఏ రాయి?" అని మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. క్లాసులో ఎంత చెప్పినా ఆ ప్రశ్న రాదు.

సెన్సర్ చిన్నది, మసక వెలుతురులో ఫోటో గరుకుగా వస్తుంది. జూమ్ నాలుగు రెట్లే, కంబాలకొండ అడవిలోని పక్షులకు చాలదు. రాత్రి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల దగ్గర దీన్నే కాదు, ఏ కెమెరా ఫ్లాష్ కూడా వాడకండి. వెలుగు పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోవచ్చు. పగలు గూడు ఫోటో తీసినా జీపీఎస్ ఆపేయండి, ఆ చోటు అందరికీ తెలియకూడదు.

ఇంటికి రాగానే బ్యాటరీ మూత తీయకముందే మంచినీళ్లతో కడగండి. రబ్బరు సీలు మీద ఇసుక రేణువు గానీ వెంట్రుక గానీ ఉంటే తర్వాతిసారి నీళ్లు లోపలికి వెళ్తాయి.

2023లో ఓఎం సిస్టమ్ (ఒలింపస్ కెమెరాలకు ఇప్పటి పేరు) పేరుతో టీజీ-7 వచ్చింది. అదీ 12 మెగాపిక్సెళ్లే, లెన్సూ అదే, యూఎస్‌బీ-సీ చేరింది. కొత్తగా కొనేవాళ్లు అది తీసుకోండి. చేతిలో టీజీ-6 ఉన్నవాళ్లు మార్చకండి, ఆ డబ్బు ప్రింట్లకు పెట్టండి.