పాట రికార్డింగ్‌కి ఫోనా, చేతి రికార్డరా?

ఫోన్ ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. అప్పటికప్పుడు తట్టిన బాణీని మర్చిపోకముందే పట్టుకోవాలంటే దాన్ని మించింది లేదు. కానీ సాధననో, కచేరీనో రికార్డు చేసి తర్వాత శ్రద్ధగా వినాలంటే నా ఓటు విడిగా దొరికే చిన్న రికార్డర్‌కే.

అసలు తేడా లెవెల్ దగ్గర, అంటే శబ్దం ఎంత పెద్దగా రికార్డవుతుందన్న దగ్గర వస్తుంది. చాలా ఫోన్ యాప్‌లు శబ్దాన్ని వాటంతట అవే సర్దేస్తాయి. మెల్లగా పాడితే పెంచుతాయి, గొంతెత్తగానే తొక్కేస్తాయి. పాట ఆగిన చోటల్లా ఫ్యాన్ హోరు పైకి లేస్తుంది. రికార్డర్‌లో ఆటో లెవెల్ ఆపేసి, అన్నిటికన్నా గట్టిగా పాడే చరణాన్ని ఒకసారి పాడించి, లెవెల్ చూపే మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో సర్దేది) తిప్పుకోవచ్చు. మీటర్ పై హద్దయిన సున్నా తాకిందా, ఆ ముక్కలో శబ్దం పగిలినట్టే. తర్వాత ఎంత తంటాలు పడ్డా పూర్తిగా బాగుపడదు.

ఇక ఫైలు సంగతి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో (సీడీ నాణ్యత) వేవ్ ఫైలు, అంటే శబ్దాన్ని కుదించకుండా దాచేది, నిమిషానికి 10 ఎంబీ పైనే తింటుంది. శబ్దాన్ని కొంత వదిలేసి కుదించే 128 కేబీపీఎస్ ఎంపీ3కి సుమారు ఒక ఎంబీ చాలు. ఎడిటింగ్ ఆలోచన ఉంటే వేవ్‌లోనే తీయండి.

వినడానికి మాత్రం ఫోనే హాయి. రికార్డర్‌లో స్పీకర్ ఉందంటే ఉంది, అంతే.

ఓసారి గంటసేపు రికార్డు చేశాననుకున్నా. తీరా చూస్తే ఫైలే లేదు! కొన్ని రికార్డర్లలో బటన్ ఒకసారి నొక్కితే ఎర్రలైటు మిణుకుతుంది, అది స్టాండ్‌బై మాత్రమే. రెండోసారి నొక్కితేనే రికార్డింగ్ మొదలు. అప్పట్నుంచి లైటుని నమ్మడం మానేసి, టైమర్ అంకెలు కదులుతున్నాయో లేదో చూస్తున్నా.