చొక్కా కింద తుపాకీ: టెక్సాస్ ఒక తీరు, న్యూజెర్సీ ఒక తీరు

టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరమైన అడ్డంకి లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే చేతి తుపాకీ దాచుకుని తిరగొచ్చు. పాత లైసెన్స్ పద్ధతీ ఉంది. కొన్ని వేరే రాష్ట్రాల్లో చెల్లుతుందని జనం ఇంకా తీసుకుంటున్నారు. అలాగని ఎక్కడికైనా వెళ్లొచ్చనుకోకండి. ఆదాయంలో 51 శాతం లేదా అంతకంటే ఎక్కువ మద్యం నుంచే వచ్చే బార్ల గుమ్మం దగ్గర ఎర్ర అంకెలతో ‘51%’ బోర్డు ఉంటుంది. తుపాకీతో ఆ గుమ్మం దాటితే నేరం.

న్యూజెర్సీలో ఇంత తేలిక కాదు. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో తీర్పు ఇచ్చేదాకా, ప్రత్యేకమైన ముప్పు ఉందని నిరూపిస్తే తప్ప మామూలు మనిషికి పర్మిట్ దక్కేది కాదు. ఆ షరతు పోయింది. కానీ డిసెంబర్‌లోనే కొత్త చట్టం తెచ్చి ఫీజు 200 డాలర్లు చేశారు. మన గురించి చెప్పడానికి బంధువులు కాని నలుగురు కావాలన్నారు, శిక్షణ తప్పనిసరి చేశారు. ఇంతా చేస్తే పర్మిట్ రెండేళ్లే! టెక్సాస్ లైసెన్స్ ఇక్కడ చెల్లదు. పర్మిట్ లేకుండా దొరికితే 5 నుంచి 10 ఏళ్ల జైలు పడొచ్చు.

శిక్షణ విషయంలో నా ఓటు న్యూజెర్సీకే. ఆ కాగితాల గోల మాత్రం అతి.

హెచ్‌1బీ మీదున్న మనవాళ్లకు రెండు చోట్లా ఒకటే మాట: వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టమే నిషేధిస్తోంది. గ్రీన్‌కార్డు ఉంటే ఆ అడ్డు లేదు.