ఒకటి నుంచి ఐదో తరగతి దాకా: ఊరి సర్కారు బడా, ప్రైవేటు స్కూలా?

ఖర్చు: సర్కారు బడిలో పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం. ప్రైవేటులో ఫీజు, ఆపైన బస్సు, పుస్తకాల సెట్టు.

చదువు: సర్కారు బడిలో 3 నుంచి 5వ తరగతి దాకా తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం. అంతే. గణితం, పరిసరాల విజ్ఞానం పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. భాగహారం అర్థం కాకపోతే ఇంట్లో అమ్మ చదివి చెప్పొచ్చు. నాకు బాగా నచ్చింది ఇదే. ప్రైవేటులో చాలాచోట్ల హిందీ, కంప్యూటరు, జీకే కూడా. సంచి బరువు సంగతి చెప్పక్కర్లేదు.

రిస్కు: సర్కారు బడిలో టీచర్ల కొరత, ప్రైవేటులో బట్టీ చదువు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లుండాలి.

ఆ ఇద్దరూ ఉంటే ఊరి బడే మేలు. ఒక్కరే ఐదు తరగతులూ లాగుతుంటే, ఫీజు భరించగలిగినవాళ్లు ప్రైవేటు చూసుకోవచ్చు.