కవరు ఫోటో వెంటనే వస్తుంది, కవరు సంగతే చెప్పలేం

మోటర్‌హోమ్‌లో, అంటే ఇల్లులాంటి బండిలో, ఉంటున్నామనగానే అందరూ అడిగేవి రెండే: నీళ్లెలా, రాత్రిళ్లు భయం వెయ్యదా. మీ ఉత్తరాలు ఎక్కడికొస్తాయని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నాకు అన్నిటికన్నా పెద్ద పని అదే. మా బండిలో మావారిది స్టీరింగు, నాది కాగితాలు.

ఫ్రిస్కోలో ఇల్లమ్మేశాక టెక్సస్‌లోనే ఒక మెయిల్ సర్వీసులో అడ్రసు తీసుకున్నాం. పేరు చెప్పను, ఇలాంటివి ఇంచుమించు అన్నీ ఒకేలా నడుస్తాయి. తపాలా శాఖ ఫారం 1583 నింపి నోటరీ ముందు సంతకం పెడితే మన పేరు మీద వచ్చేవన్నీ వాళ్లు తీసుకుంటారు. తపాలా వాళ్లే ఉచితంగా కొత్త అడ్రసుకి మళ్లిస్తారు కదా అనుకోకండి. మామూలు ఉత్తరాలకు ఆ మళ్లింపు 12 నెలలే. పైగా బ్యాంకు కార్డుల్లాంటివి చాలావరకూ చిరునామా మారితే వెనక్కి పంపమని ముద్ర వేసుకుని వస్తాయి కాబట్టి అవి అసలు మళ్లవు.

ఈ సర్వీసులో నేను మనసు పారేసుకుంది స్కానింగు మీద. కవరు రాగానే దాని ముఖం ఫోటో ఫోన్‌లోకి వస్తుంది. తెరిచి స్కాన్ చెయ్యాలా, పంపాలా, చింపెయ్యాలా అని మూడు బటన్లు. ఇన్సూరెన్సు కాగితాలు, ఆసుపత్రి బిల్లులు, పన్ను ఫారాలు అన్నీ మోంటానాలో కొండ పక్కన కూర్చుని చూసుకున్నాను. ఇండియాలో ఎన్నార్వో ఖాతాకి (విదేశాల్లో ఉండేవాళ్లకి అక్కడుండే రూపాయల ఖాతా) కేవైసీ మళ్లీ చెయ్యాలని బ్యాంకు ఉత్తరం పంపినప్పుడు కూడా అంతే. విదేశీ చిరునామాకి రుజువు కావాలన్నారు. మాకు కరెంటు బిల్లు లేదు, నీళ్ల బిల్లు లేదు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఇదే అడ్రసు ఉండబట్టి బతికాం. ఫారం స్కాన్ తీసుకుని, దారిలో ఒక ఊరి లైబ్రరీలో ప్రింటు వేసి, సంతకం పెట్టి పంపేశాను.

ఒకసారి ఏలూరు నుంచి మా పిన్నికూతురు కొడుకు పెళ్లి శుభలేఖ వేసింది. నాలుగు మూలలా నిండుగా పసుపు. ఫోటో కింద ఆ సర్వీసులో పనిచేసే అమ్మాయెవరో పాపం 'రవాణాలో మరకలు పడ్డాయి, కవరు పాడైంది' అని రాసి పెట్టింది. అది మరక కాదు తల్లీ, మా పద్ధతి అని జవాబిచ్చాను. తర్వాత వచ్చిన శుభలేఖ కింద 'పసుపు, పాడవలేదు' అని ఉంది. ఆ రోజు మావారికి చూపించి ఎంత మురిసిపోయానో. తెలిసినవాళ్లందరికీ ఈ సర్వీసే తీసుకోమని చెప్పిన రోజులవి.

తర్వాత క్వార్ట్‌జ్‌సైట్ వచ్చింది.

అరిజోనా ఎడారిలో చిన్న ఊరది. జనవరిలో ఎక్కడెక్కడి బండ్లూ అక్కడే ఉంటాయి. లా పోసా అనే ప్రభుత్వ శిబిర స్థలంలో పర్మిట్ కొనుక్కుంటే సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకూ ఉండొచ్చు. మేం మాత్రం ప్లొమోసా రోడ్డు వైపు ఉచిత స్థలంలో దిగాం. అక్కడ 28 రోజుల్లో 14 రోజులకు మించి ఉండనివ్వరు. సరిగ్గా అప్పుడే మా క్రెడిట్ కార్డు నంబరు ఎవరో కొట్టేశారు. డీజిల్ పంపు దగ్గరే పోయి ఉంటుందని మావారి అనుమానం. బ్యాంకు పాత కార్డు ఆపేసి కొత్తది టెక్సస్ అడ్రసుకి పంపింది.

చేతిలో ఇంకో కార్డు ఉంది కాబట్టి పస్తులుండలేదు. కానీ బండి ఇన్సూరెన్సు, ఫోన్లు, ఇంటర్నెట్టు అన్నీ నెలనెలా పోయేది పాత నంబరు మీదే. కవరు ఫోటో ఠంచనుగా వచ్చింది. సరే, తెరిచి నంబరు స్కాన్ చెయ్యమన్నాను. భద్రతా నియమాల వల్ల కార్డులు స్కాన్ చెయ్యరట. న్యాయమే, కాదనను. అయితే తపాలాలోనే, జనరల్ డెలివరీకి, క్వార్ట్‌జ్‌సైట్ పోస్టాఫీసుకి పంపండని ఆర్డరు పెట్టాను. 'తొందరగా చేరుతుంది' అని వాళ్లు తమంతట తాము ఒక ప్రైవేటు కొరియర్‌కి ఇచ్చారు.

జనరల్ డెలివరీ అంటే పోస్టాఫీసు మన కోసం దాచిపెట్టేది. అది తపాలాలో వచ్చిన వాటికే. కొరియర్ బండి పోస్టాఫీసుకి తెచ్చి ఇవ్వదు, ఇచ్చినా వాళ్లు తీసుకోరు. ఈ సంగతి మాకు చెప్పింది పోస్టాఫీసు క్యూలో మా ముందు నిలబడ్డ కెనడా పెద్దాయన. ఆ క్యూ గుమ్మం దాటి ఎండలోకి వచ్చేది. లోపలున్నావిడ ఎంతో ఓపికగా మా పేరు వెతికి, లేదని చెప్పి, వాళ్లెలా పంపారో కనుక్కోమంది. అప్పటికి కార్డు వెనక్కి టెక్సస్ దారి పట్టింది.

ఇక్కడే నాకు ఒళ్లు మండింది. నెల రుసుం ఆ పాత కార్డు మీద వసూలు కాలేదని, కట్టకపోతే ఉత్తరాలు పంపడం ఆపేస్తామని మెయిల్ సర్వీసు వాళ్లే మెయిల్ పెట్టారు! నా కార్డు వాళ్ల బల్ల మీద పెట్టుకుని. ఫోన్ చేస్తే మర్యాదకి లోటు లేదు, పని మాత్రం జరగలేదు. పంపే విధానం మార్చే ముందు అడగాలి కదా అంటే 'మీ సూచన నమోదు చేశాం' అన్నారు. ఈలోగా మా గడువు తీరింది. బండి కట్టేసుకుని యూమాలో డబ్బు కట్టి బండి నిలుపుకునే పార్కుకి వెళ్లాం. అక్కడ ఆఫీసు అడ్రసు, మా సైటు నంబరు ఇస్తే తపాలా అయినా కొరియర్ అయినా తీసుకుంటారు. కార్డు అక్కడికి వచ్చింది. అప్పటినుంచి వస్తువు ఏదైనా తెప్పించుకోవాల్సి వస్తే ముందు అలాంటి పార్కు చూసుకుంటున్నాం. బండి అద్దానికి అంటించే టెక్సస్ రిజిస్ట్రేషన్ స్టిక్కర్ కూడా అంతే, దాని ఫోటో ఎవరికి కావాలి?

ఇక స్కానింగు. ఇప్పటికీ ఇష్టమే, కాకపోతే మొదట్లో చెప్పినంత కాదు. శని, ఆదివారాలు ఏదీ కదలదు. నెలకిన్ని పేజీలు దాటితే పేజీకింత. ఆసుపత్రి వాళ్లు వెనకా ముందూ అచ్చేసిన కట్టలు పంపితే అదే ఒక బిల్లు. చెక్కు వస్తే స్కాన్‌తో లాభం లేదు, మళ్లీ బ్యాంకుకి పోస్టు చేయించాలి, దానికి ఇంకో రుసుం. ఇంకో మాట. ఇది ఉత్తరాలు తీసుకునే ఏజెన్సీ అడ్రసని బ్యాంకులు ఇట్టే పట్టేస్తాయి. ఒక బ్యాంకు నివాసముండే ఇల్లు చూపించాల్సిందేనంది. 2003 నుంచి ఉన్న బ్యాంకుల గుర్తింపు నిబంధనలో, సొంతంగా వీధి చిరునామా లేనివాళ్లు దగ్గరి బంధువు ఇంటి అడ్రసు ఇవ్వొచ్చని ఉంది. ప్లేనోలో మా తమ్ముడు ఉండబట్టి వాడిది ఇచ్చాం. లేకపోతే ఏం చేసేవాళ్లమో.

తీసుకోమంటారా అంటే, మా సంగతి వేరు. పిల్లలు ఎదిగిపోయారు, ఇద్దరం సిటిజన్లం, ప్లేనోలో తమ్ముడు ఉన్నాడు. హెచ్-1బీ, గ్రీన్ కార్డుల మీద ఉన్నవాళ్లు ఇల్లు మారిన 10 రోజుల్లో ఏఆర్-11 ఫారంతో ఇమిగ్రేషన్ వాళ్లకి తెలపాలి, వాళ్లు పంపే కార్డులేమో చేతికే అందాలి. అలాంటివాళ్లకి నేనైతే ఈ బతుకే కొన్నాళ్లు ఆగమంటాను. కాగితాలకు మాత్రం దీన్ని మించింది నాకు దొరకలేదు. అందుకే ఈసారి కూడా కొనసాగించాం, కాకపోతే ఏడాదికి ఒకేసారి కట్టలేదు, ముందులాగే నెలనెలా కడుతున్నాం. ఆ రుసుం కూడా ఇప్పుడు కార్డు మీద కాదు, నేరుగా ఖాతాలోంచే పోతుంది.