ఎనిమిదేళ్ళు ఎండీవర్ నడిపాక: తిరిగొచ్చేది ఈ బండి కాదు

ఇండియాలో ఆగిపోయిన పెద్ద ఎస్‌యూవీ ఫోర్డ్ ఎండీవర్ మళ్ళీ వస్తోందన్న వార్త ఏడాదికి రెండుసార్లైనా చక్కర్లు కొడుతుంది. వచ్చిన ప్రతిసారీ మా బావమరిది ఫోన్ చేసి, "బావా, పాతది ఇప్పుడే తీసెయ్, కొత్తది దిగాక దీన్ని ఎవడూ అడగడు" అంటాడు. నేను తీసెయ్యలేదు, తీసేసే ఉద్దేశమూ లేదు. నాది 2017లో కొన్న 3.2 లీటర్ల ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ బలం వెళ్ళేది) ఆటోమేటిక్. లక్షన్నర కిలోమీటర్లు దాటింది. ఇల్లు విజయవాడలో, చేపల చెరువులు దివిసీమలో. హైదరాబాద్‌కి అడపాదడపా వెళ్తుంటాను. అంటే ఈ బండి హైవేనీ చూసింది, కరకట్టనీ చూసింది, చెరువు గట్టునీ చూసింది.

మన రోడ్ల మీద ఎండీవర్ మొదట దిగింది 2003లో. పెట్టెలా నలుచదరంగా ఉండి, వెనక తలుపుకి స్టెప్నీ వేలాడేసుకున్న బండి అది. ఫోర్డ్ వాళ్ళదే అయిన రేంజర్ పికప్ ఛాసిస్ మీదే కట్టారు, వెనక లారీకి ఉన్నట్టు కమాన్ పట్టీలే ఉండేవి. వెనక సీట్లో కూర్చుని గతుకుల రోడ్డు మీద ఊరెళ్ళినవాళ్ళకి అది ఎలా కుదిపేదో ఇంకా గుర్తుండే ఉంటుంది. అయినా ఆ రోజుల్లో కాంట్రాక్టర్లూ, రియల్ ఎస్టేట్‌లో నాలుగు రాళ్ళు వెనకేసినవాళ్ళూ దాన్నే కోరుకునేవారు. రోడ్డు మీద అంత పెద్ద బండి ఇంకోటి పెద్దగా కనబడేది కాదు మరి. 2009లో టయోటా ఫార్చూనర్ వచ్చాక కథ మారింది. ఎమ్మెల్యేల ఇళ్ళ ముందు తెల్ల ఎండీవర్ల స్థానంలో తెల్ల ఫార్చూనర్లు చేరాయి. అమ్మకాల్లో ఎండీవర్ ఆ తర్వాత ఎక్కువగా దాని వెనకే ఉండిపోయింది.

2016 జనవరిలో వచ్చిన రెండో తరం పూర్తిగా వేరే బండి. ఛాసిస్ ఆస్ట్రేలియాలో రూపొందించింది. వెనక కమాన్ పట్టీలు పోయి కాయిల్ స్ప్రింగులు, వెనక ఇరుసు పక్కలకి ఊగకుండా పట్టుంచే వాట్స్ లింకేజీ వచ్చాయి. దిగువ మోడళ్ళకి 2.2 లీటర్ల ఇంజిన్, పైదానికి ఐదు సిలిండర్ల 3.2 ఇంజిన్ ఇచ్చారు. నేను రెండూ నడిపి చూశాకే 3.2 తీసుకున్నాను. 2.2కి 160 హార్స్‌పవర్ ఉన్నా రెండు టన్నులు దాటిన బండిని లాగడానికి కొంచెం ఆయాసపడుతుంది. 3.2కి 200 హార్స్‌పవర్, 470 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. అసలు మజా ఆ టార్క్‌లో ఉంది. 1,750 ఆర్‌పీఎం దగ్గరే మొత్తం చేతికొచ్చేస్తుంది కాబట్టి యాక్సిలరేటర్ మీద కాలు గట్టిగా వెయ్యాల్సిన పని లేదు. కరకట్ట మీద అవనిగడ్డ వైపు వెళ్తుంటే ముందు గడ్డి ట్రాక్టరు, ఎదురుగా కనుచూపు మేరలో ఆటో, మధ్యలో కాస్త సందు. ఎంత పెద్ద బండైనా టెన్షన్ లేకుండా దాటగలగాలి. ఇది దాటుతుంది. ఐదు సిలిండర్ల మోత కూడా వేరే. నాలుగు సిలిండర్ల డీజిల్‌లా గరగరమనదు. ఒక్క పేలుడు ఎక్కువ ఉన్నట్టు, కాస్త బేసిగా గుర్రుమంటుంది. ఆటోనగర్‌లో మా మెకానిక్ షెడ్డులో పది బళ్ళు ఒకేసారి స్టార్ట్ చేసినా ఇది ఏదో కళ్ళు మూసుకుని చెప్పెయ్యొచ్చు.

హైవే మీద స్థిరత్వం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నందిగామ దాటాక వంద మీద పెట్టి వదిలేస్తే ఆరో గేర్‌లో హాయిగా పోతుంది. స్టీరింగ్ కరెంటుది కాబట్టి పార్కింగ్‌లో ఒంటి వేలితో తిరుగుతుంది. బీసెంట్ రోడ్డు పక్క సందుల్లో మాత్రం దాని పొడవు మీకు ప్రతి మలుపులోనూ గుర్తొస్తుంది. దాదాపు 4.9 మీటర్లు మరి. రోడ్డు పక్కన రెండు కార్ల మధ్య తనంతట తనే స్టీరింగ్ తిప్పుకుని దూరే పార్కింగ్ సాయం పై మోడల్‌లో ఉంది. కొత్తలో బంధువులందరికీ చూపించాను. ఇప్పుడు వాడేది లేదు. వెనక మనవాళ్ళు అడుగు దూరం కూడా వదలకుండా హారన్ కొడుతుంటే, అది కొలతలు తీసుకునేదాకా ఓపిక పట్టేదెవరు?

చెరువు గట్ల సంగతికొస్తే, గేర్ రాడ్ పక్కన ఒక గుండ్రటి నాబ్ ఉంటుంది. మామూలు రోడ్డు, బురద, ఇసుక, రాళ్ళు అని నాలుగు రకాలు. మంచు కూడా బురదతోనే కలిపేశారు, దివిసీమలో దానితో మనకి పనిలేదు. మొదటి వాన పడ్డ గట్టు మీద దాన్ని బురద వైపు తిప్పితే యాక్సిలరేటర్ మొద్దుబారినట్టవుతుంది. కాలు నొక్కినా ఇంజిన్ ఎగిరిపడదు. ఒక చక్రం జారిందనుకోండి, కింద టకటకమని చప్పుడు వినబడుతుంది. జారిన చక్రానికి అదే బ్రేక్ వేసుకుని, పట్టున్న చక్రానికి బలం పంపించే చప్పుడది. బండి అటూ ఇటూ ఒక జానెడు ఊగి, తిన్నగా అవుతుంది. ఇదంతా పైపై బురద ఉన్నంతవరకే. నల్లరేగడి బాగా నానాక సంగతి వేరు. హైవే టైర్ల గాళ్ళలో మన్ను నిండిపోతే నాలుగు చక్రాలూ బూరెల్లా నున్నగా అయిపోతాయి. అప్పుడు ఏ నాబ్ తిప్పినా లాభం లేదు, ట్రాక్టరే దిక్కు.

నీళ్ళ గురించి ఒక మాట. 800 మిల్లీమీటర్ల లోతు నీళ్ళలో వెళ్తుందని కంపెనీ చెప్పింది. నిలిచిన నీళ్ళకి అది సరిపోతుంది. పారే నీళ్ళకి సరిపోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఇలాంటి బండి ఉంది కదా అని తెలిసినవాళ్ళు ఫోన్లు చేశారు. బండిని ఎత్తు మీద పెట్టి, పడవ ఎక్కడ దొరుకుతుందో వాళ్ళకి కనుక్కుని చెప్పాను. కంపెనీ చెప్పిన లోతుని చూసుకుని వరదలోకి దిగేవాళ్ళకి నా సలహా ఏమీ లేదు, ముందు ఇన్సూరెన్స్ కాగితం చదువుకోండి.

నచ్చనివి కూడా చెప్పాలి. టౌనులో లీటరుకి 7, 8 కిలోమీటర్లు. హైవేలో ఒద్దికగా నడిపితే 10 పైన. 80 లీటర్ల ట్యాంకు నింపితే ఎనిమిది వేల దాకా పోతుంది. మూడో వరస సీట్లు బటన్ నొక్కితే లేస్తాయి, పడుకుంటాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అక్కడ పెద్దవాళ్ళు కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. మా అత్తయ్యగారు ఒక్కసారి కూర్చుని, "ఇది సామాన్లకే బాబూ" అని తేల్చేశారు. ఆవిడ తీర్పుకి నేను కలిపేదేమీ లేదు.

ఇక తిరిగి రావడం గురించి. 2020 ఫిబ్రవరిలో బీఎస్6 కాలుష్య నిబంధనలకు తగ్గట్టు ఎండీవర్‌ని మార్చినప్పుడే 3.2, 2.2 రెండూ పోయాయి. వాటి బదులు 170 హార్స్‌పవర్ 2.0 ఇంజిన్, పది గేర్ల ఆటోమేటిక్ వచ్చాయి. నున్నగా నడుస్తుంది, మైలేజీ ఎక్కువ. నాకు మాత్రం ఆ గుర్రుమనే శబ్దం లేని ఎండీవర్ సగం ఎండీవరే. ఏడాదిన్నర దాటగానే, 2021 సెప్టెంబర్ 9న, ఇండియాలో బళ్ళ తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ ప్రకటించింది. పదేళ్ళలో రెండు బిలియన్ డాలర్లకు పైగా నష్టమొచ్చిందని కారణం చెప్పింది. అంతకుముందే మహీంద్రాతో కుదరాల్సిన భాగస్వామ్యం బెడిసికొట్టింది. గుజరాత్‌లోని సాణంద్ ఫ్యాక్టరీ టాటాల చేతికెళ్ళింది. ఎండీవర్ తయారైన, చెన్నై దగ్గరి మరైమలై నగర్ ఫ్యాక్టరీని మాత్రం అమ్మబోయి ఆగారు. ఈ పుకార్లన్నిటికీ పుట్టిల్లు అదే. ఫ్యాక్టరీ అమ్మలేదంటే బండి వస్తుందన్నమాట అని జనం లెక్క వేసుకున్నారు. 2024లో కొత్త ఎవరెస్ట్ డిజైన్ పేటెంట్ కాగితాలు బయటపడేసరికి మా బావమరిది ఫోన్ మళ్ళీ మోగింది. బయటి దేశాల్లో ఎండీవర్ పేరు ఎవరెస్టే. అదే ఏడాది సెప్టెంబరులో, ఎగుమతుల కోసం చెన్నై ఫ్యాక్టరీ తెరుస్తామని తమిళనాడు ప్రభుత్వానికి ఫోర్డ్ రాసిచ్చింది.

తర్వాత తేలిందేమిటి? 2025 అక్టోబరు చివర్లో కంపెనీ చెప్పింది ఇంజిన్ల గురించి. 3,250 కోట్ల పెట్టుబడి, ఏటా 2,35,000 ఇంజిన్లు, 2029 నుంచి ఉత్పత్తి. అందులో ఎండీవర్ ఊసు లేదు. కాబట్టి మరైమలై నగర్ గేటు తెరుచుకుంటోందని సంబరపడి మన వాకిట్లోకి బండి వస్తోందనుకోవడం తొందరపాటే.

రాదని కూడా అనను. థాయ్‌లాండ్‌లో తయారై ఆస్ట్రేలియా వెళ్ళే కొత్త ఎవరెస్ట్ 2022లోనే వచ్చింది. కుడి స్టీరింగే, మనకి సరిపోతుంది. అక్కడ దానికి 3.0 లీటర్ల ఆరు సిలిండర్ల (వీ6) డీజిల్ కూడా ఉంది, 600 న్యూటన్ మీటర్ల టార్క్‌తో. ఏటా 2,500 బళ్ళ దాకా ఇక్కడ మళ్ళీ పరీక్షలు పెట్టకుండా దిగుమతి చేసుకునే వెసులుబాటు మన నిబంధనల్లోనే ఉంది. కానీ పూర్తిగా తయారైన బండి మీద కస్టమ్స్ సుంకం మామూలుగా 70 శాతానికి తగ్గదు. దానిపైన జీఎస్టీ, దానిపైన లైఫ్ ట్యాక్స్. పెద్ద ఎస్‌యూవీల మీద పన్ను 2025 సెప్టెంబరులో 50 నుంచి 40కి తగ్గినా, ఆ లెక్కంతా వేసుకుంటే చెరువు గట్టు మీద తిప్పే బండి ధర కాదది. నా ఎండీవర్ లాంటి బండి మనకి అందిందంటే, విడిభాగాలు తెచ్చి చెన్నైలో బిగించారు కాబట్టే. ఆ ఏర్పాటు లేకుండా పేరు మాత్రం వస్తే షోరూమ్‌లో ఫొటో దిగడానికి పనికొస్తుంది.

పైగా ఈ సైజు బండి మన దగ్గర అమ్మడం అంత తేలిక కాదు. ఇసుజు ఎంయూ-ఎక్స్‌ని చూడండి. మన శ్రీసిటీలోనే తయారవుతోంది, గట్టి బండి, అయినా విజయవాడలో వారానికి ఒకటి కనబడితే గొప్ప. కొనేవాళ్ళకి ఫార్చూనర్ తప్ప ఇంకోటి ఆనదు.

నాకు కొత్త ఎండీవర్ కంటే పాతదానికి సామాన్లు కావాలి. సర్వీసు, స్పేర్లు ఆపబోమని కంపెనీ వెళ్ళేటప్పుడే చెప్పింది. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, ఆయిల్ లాంటివి ఆటోనగర్‌లో ఇట్టే దొరుకుతున్నాయి. రేంజర్ ఛాసిస్ కావడం వల్ల కింది సామాన్లు చాలావరకు బయట దేశాల నుంచి తెప్పించేవాళ్ళున్నారు. బాధంతా పై సామాన్లతోనే. కోడూరు దగ్గర గేదె అడ్డొచ్చి హెడ్‌లైటు, బంపరు పోయినప్పుడు ఒక కొట్లో అడ్వాన్సు కట్టి నెల దాటినా రాలేదు. చివరికి హైదరాబాద్‌లో ఎక్కడో విప్పేసిన బండిది పట్టుకొచ్చాడు మా మెకానిక్. "పోనీలెండి సార్, మీ రంగే దొరికింది" అన్నాడు, అదేదో నా అదృష్టమన్నట్టు.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్ళు అదే వయసు ఫార్చూనర్‌తో పోల్చి బేరమాడండి, చాలా తక్కువకే వస్తుంది. 3.2 దొరికితే దాన్నే చూడండి. తెల్లారగట్ల ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి, గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి, ఫోర్ లో (నాలుగు చక్రాలకీ తక్కువ వేగంలో ఎక్కువ బలం ఇచ్చే గేర్) బటన్ నొక్కి నాలుగడుగులు నడిపించండి. హెడ్‌లైట్లు రెండూ ఒరిజినల్‌గా, పగుళ్ళు లేకుండా ఉన్నాయో లేదో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.