కొండ పొదపిగిలిని వెతుకుతూ మూడు బసలు

తిరుపతి పెరటి తోటల్లో తిరిగే పిగిలిపిట్టను, ముళ్ల పొదల్లో గలగలమని ఒక్క ఊపున కూసే పొదపిగిలిని మేము ఏళ్లుగా ఎరుగుదుము. చూడవలసినది కొండ పొదపిగిలి ఒక్కటే మిగిలింది. దక్షిణ భారతదేశపు రాతికొండల్లో తప్ప ఇది లోకంలో మరెక్కడా లేదు.

మొదటి రోజు శ్రీవారి మెట్టు దారికి వెళ్లాలనుకున్నాము. తిరుపతిలో దిగిన లాడ్జీవారు తెల్లవారుజామున 5 గంటలకు పంపుతామన్న కారు 7 గంటలకు గాని రాలేదు. అప్పటికే భక్తుల గోవిందనామాలతో దారి నిండిపోయి, బెదురుగల పిట్టలు పైకి తప్పుకున్నాయి. తోక కింద పసుపు రంగు చూసి దొరికిందనుకున్న పిట్ట ఇటు తిరిగేసరికి కంటిపై తెల్లని చార కనిపించింది, అది పొదపిగిలే. ఎండకు ఎదురుగా చూస్తే రెండూ ఆకుపచ్చగానే తోస్తాయి, తోక కింద పసుపు రెండింటికీ ఉంటుంది. కనుక ముఖం కనబడేదాకా పేరు పెట్టకూడదు. కొండ పొదపిగిలికి తల, గొంతు పసుపు, రొమ్ము బూడిద రంగు, తోక చివర్లు లేతగా ఉంటాయి.

తలకోనలో గది సాదాగా ఉన్నా శుభ్రంగా ఉంది, భోజనం వేళకు పెట్టారు. 270 అడుగుల జలపాతం కింది చిక్కని అడవిలో శామా పిట్ట పాట విన్న ఉదయాన్ని మరువలేను. అయితే మా పిట్టకు కావలసినది అంతటి నీడ కాదు, బండల మధ్య పొదలు. దారి చూపడానికి వచ్చినతను ఫోనులో కూత వినిపించి పిట్టను రప్పిస్తానన్నాడు, వద్దన్నాము. తన హద్దులోకి మరొకటి చొరబడిందని భ్రమపడి అది మేత మాని కంగారుపడుతుంది.

2022 వరకు చిత్తూరు జిల్లాలో ఉన్న హార్స్‌లీ హిల్స్‌లో, అంటే ఏనుగు మల్లమ్మ కొండపై, గది అద్దె మూడింటిలో ఎక్కువ, వేడినీళ్లు అంతంతమాత్రం. అయినా నా ఓటు దానికే, ఎందుకంటే ఎవరి బండి కోసమూ ఎదురుచూడకుండా చీకటితోనే నడిచి బండల అంచుకు చేరుకోగలిగాము. పండ్లు కాసిన మర్రి కింద కదలకుండా ముప్పావు గంట కూర్చున్నాక, కొమ్మ చాటునుంచి ఒక పిట్ట బయటికొచ్చి, పండు పొడిచి, మావైపు తిరిగింది. కంటిపై చార లేదు. గొంతు పసుపుముద్దలా ఉంది.